నేను కోసిన అంచులు

పెళ్ళయిన ఇరవై మూడో రోజు మధ్యాహ్నం మావారు నాకు కటింగ్ మెషిన్ నడపడం నేర్పారు. పైనున్న చక్రం తిప్పితే ఇనుప పలక దిగి కాగితాల కట్టను కదలకుండా నొక్కి పట్టుకుంటుంది. పక్కనున్న పొడవాటి పిడిని రెండు చేతులా లాగితే కత్తి ఏటవాలుగా దిగుతుంది. మొదటిసారి కత్తి దిగి, కాగితపు పీలికలు ఉంగరాలు తిరుగుతూ నా పాదాల మీద రాలినప్పుడు నేను పెద్దగా కేక పెట్టాను.

"వేలు తెగిందా?" అని మావారు అదిరిపడ్డారు.

"లేదు. భలే ఉంది! ఇంకో కట్ట పెట్టండి."

ఆ పీలికల గురించే ఇదంతా రాస్తున్నాను. కానీ ముందు కాస్త సంతోషం చెప్పుకోనివ్వండి. ఆ వేసవిలో నా దగ్గర అది బోలెడుండేది.

నేను కాలేజీలో చదివింది వృక్షశాస్త్రం. చెట్ల గురించి మూడేళ్ళు చదివి, చెట్టు చచ్చాక ఏమవుతుందో అత్తారింట్లో నేర్చుకున్నాను. కింద బైండింగ్ షాపు, పైన ఇల్లు, మధ్యలో పద్నాలుగు ఇనుప మెట్లు. బడులు తెరవడానికి ముందు రెండు నెలలూ ఆ ఇంట్లో మనుషులకు చోటుండదు. మెట్ల మీద భూగోళం, వంటింటి అటక మీద వ్యాకరణం, మా మంచం కింద నాలుగో తరగతి లెక్కలు రెండున్నర వేలు. మావారి వేళ్ళకు ఎప్పుడూ జిగురే. పొద్దున నా టీ కప్పు అందిస్తే కప్పు మీద ఆయన వేలిముద్ర అంటుకుపోయేది. నేను ఆ కప్పు కడిగేదాన్ని కాదు. మా అత్తయ్య చూసి, "ఏంటమ్మా, ఆ కప్పునేమన్నా దాచుకుంటావా?" అనేవారు. నిజంగా దాచుకుందామనే ఉండేది.

ఇంట్లో మొత్తం ఐదుగురం. మామయ్య షాపు చూసుకుంటారు, అత్తయ్య ఇంటినీ మామయ్యనీ చూసుకుంటారు. మావారు, నేను. అందరికంటే పైన మావారి నానమ్మ. వీధంతా ఆవిడని పెద్దమ్మ అనేది. వయసు ఎనభై ఒకటి. పద్దెనిమిదో ఏట ఈ ఇంటికి కోడలిగా వచ్చిన మర్నాటి నుంచి పుస్తకాలు కుట్టారు. మైనం రాసిన దారం లాగీ లాగీ కుడిచేతి చూపుడువేలి మీద ఒక గాడి పడిపోయింది. "ఇదిగో, నా పెళ్ళి ఉంగరం," అని నాకు చూపించి నవ్వారు.

చూపు తగ్గాక కుట్టడం మానేశారు గానీ, కట్టలు బడికి బయల్దేరే ముందు దిగివచ్చి ప్రతి కట్ట మీదా చెయ్యి వేసేవారు. "దేవుడా, ఇది చదివే పిల్లకి బుర్రకెక్కేలా చూడు. ఎక్కకపోతే తన్నులైనా తప్పించు," అనేవారు. అది తప్ప ఇంకో మంత్రం ఉండేది కాదు. బండివాడు తాళ్ళు పట్టుకుని ఓపిగ్గా నిలబడేవాడు.

పొద్దున్నే గంటసేపు ఆవిడ కిటికీ పక్క కుర్చీలో ప్రార్థన పుస్తకం పెట్టుకుని కూర్చునేవారు. అప్పుడు మామయ్య కూడా గట్టిగా దగ్గేవారు కాదు. గంట అయ్యాక చేతికర్ర తీసుకుని వీధి ఈ చివర నుంచి ఆ చివరకు ఒక చుట్టు. నేనూ వెంట వెళ్ళేదాన్ని. అదొక వేడుక.

"ఏరా, పన్ను పీకించుకున్నావా, ఇంకా లవంగం నములుతూనే ఉన్నావా?" అని టైలర్‌ని అడిగేవారు.

"రేపు వెళ్తా పెద్దమ్మా."

"రేపు నీ పన్నే నిన్ను పీకుతుంది."

గుడ్ల కొట్టు ఆవిడని మోకాలు ఎలా ఉందని అడిగేవారు. పోస్ట్‌మాన్‌ని అలిగి వెళ్ళిన కూతురు ఫోన్ చేసిందా అని అడిగేవారు. పాల డిపో అతన్ని తమ్ముడి కోర్టు కేసు ఎప్పటికి పడిందని అడిగేవారు. ఎవరిది ఎవరికీ మార్చి అడగలేదు, ఒక్కరోజూ. నేను కాపురానికొచ్చిన వారంలో ఏదో మాటల్లో నా స్నేహితురాలి ఉద్యోగం ఇంటర్వ్యూ గురించి చెప్పాను. చెప్పి నేనే మర్చిపోయాను. పదిరోజుల తర్వాత ఆవిడ, "ఇవాళే కదమ్మా మీ స్నేహితురాలి ఇంటర్వ్యూ? ఫోన్ చెయ్యి, భయపడుతూ ఉంటుంది," అన్నారు.

"పెద్దమ్మ బుర్రలో ఈ వీధి రిజిస్టరు మొత్తం ఉంది," అనేవాడు పోస్ట్‌మాన్.

"నా గొప్పేం లేదురా. దేవుడికి పని ఎక్కువ. ఆయనకి రోజూ గుర్తు చెయ్యాలి. ఆ గుర్తు చేసేవాళ్ళకి గుర్తుండాలి కదా."

సరే. ఇక ఆ రోజు.

బడులు తెరవడానికి ఇంకా మూడు వారాలున్నాయి. నానమ్మ తన ప్రార్థన పుస్తకం తీసుకుని మెట్లు దిగి వచ్చి మావారి చేతిలో పెట్టారు. "మధ్యలో రెండు ఫారాల కుట్లు వదులయ్యాయిరా. బిగించి ఇచ్చెయ్యి. ఇంకేం చెయ్యకు. పొద్దున్నకి కావాలి."

ఆ పుస్తకం అరవై మూడేళ్ళ కిందట ఆవిడ మామగారు తన చేత్తో బైండ్ చేసి కొత్త కోడలికి ఇచ్చారట. మూడొందల పైచిలుకు పేజీలు. ఒక్కో పేజీలో ఒక్కో అవసరానికి చిన్న ప్రార్థన. ప్రయాణంలో ఉన్నవాళ్ళకి, జ్వరం తగ్గనివాళ్ళకి, పురిటికి దగ్గరపడినవాళ్ళకి, పని దొరకనివాళ్ళకి. అట్ట రంగు ఏమిటో ఎవరూ చెప్పలేరు. అంచులు చివికి, మూలలు కుక్క చెవుల్లా వాలిపోయి, పక్కలంతా నల్లగా మాసిపోయి ఉన్నాయి. ఆ నలుపులో పెన్సిలు గీతల్లాంటివి సన్నగా ఏవో ఉన్నాయి. రాసి, చెరిపి, దాని మీద మళ్ళీ రాసినట్టు. నేను చూశాను. చూడలేదని చెప్పను. మురికి అనుకున్నాను.

"రెండు కుట్లు చాలందిగా," అన్నారు మావారు.

"ఏమండీ, ఆవిడ ఎన్ని లక్షల పుస్తకాలకి కొత్త బట్టలు తొడిగి పంపించారు! ఆవిడ పుస్తకానికి మాత్రం ఈ గతా? మొత్తం విప్పి, మళ్ళీ కుట్టి, కొత్త అట్ట వేద్దాం. పొద్దున్నే చూసి ఎంత మురిసిపోతారో ఆలోచించండి."

ఆయన తల గోక్కున్నారు. జుట్టుకి జిగురు అంటుకుంది. కొత్త పెళ్ళాం అడిగితే కాదనే వయసు కాదు ఆయనది. పాత కుట్లు కోసి, మడత కాగితాల ఫారాలు వేరుచేసి, శుభ్రంగా కుట్టారు. వెన్నుకి జిగురు పూశారు. నేను నీలం రంగు బట్ట ఎంచాను. కటింగ్ మాస్టారు అప్పుడు భోజనానికి వెళ్ళి ఉన్నారు. ముప్ఫై రెండేళ్ళుగా ఆ షాపులో కత్తి ఆయనది. ఆయన ఉండి ఉంటే అనుకోవడం ఇప్పుడు దేనికి?

"అంచులు నేను కోస్తాను," అన్నాను.

బాగా చివికి ఉన్నాయని అరవేలు లోపలికి జరిపి పెట్టారు ఆయన. నేను చక్రం బిగించి పిడి లాగాను. ముందు వైపు, పైన, కింద. మూడు లాగులు. పీలికలు పసుపుపచ్చగా రాలి, అప్పటికే అక్కడ గుట్టపడి ఉన్న నాలుగో తరగతి లెక్కల తెల్ల పీలికల్లో కలిసిపోయాయి. నేనే వాటిని చీపురుతో ఊడ్చి గోనెసంచిలో కుక్కాను. కుక్కుతూ పాట కూడా పాడాను.

పుస్తకం పెళ్ళికొడుకులా తయారైంది. అంచు మీద అరచెయ్యి వేస్తే నిశ్చలంగా ఉన్న నీళ్ళ మీద వేసినట్టుంది. రాత్రంతా బరువు కింద పెట్టి, పొద్దున్నే నానమ్మ లేవకముందే కిటికీ పక్క కుర్చీలో ఉంచాం. ఇద్దరం తలుపు వెనక దాక్కున్నాం. ఒకరి చెయ్యి ఒకరం గిల్లుకుంటూ.

ఆవిడ వచ్చి చూశారు. నీలం అట్ట మీద చెయ్యి తిప్పారు. దగ్గరికి తీసుకుని వాసన చూశారు. కుట్టు మనిషి కదా, వెన్ను వంచి కుట్లు బిగువుగా ఉన్నాయో లేదో చూశారు. తల ఊపారు. నేను మావారిని గట్టిగా గిల్లాను.

తర్వాత కూర్చుని మొదటి పేజీ తెరిచారు. బొటనవేలు పేజీ పక్కకు వెళ్ళింది. అక్కడ ఆగింది. ఇంకో పేజీ తిప్పారు. ఇంకోటి. మధ్యలో తెరిచారు, చివర తెరిచారు. కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నారు.

మేం బయటికి వచ్చాం. "ఎలా ఉంది నానమ్మా?" అన్నాను.

"బాగా కుట్టాడమ్మా. ఈ పక్కలు ఏవి?"

"కోసేశాం. మాసిపోయాయి కదా."

"ఆహా," అన్నారు. పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి వీధిలోకి చూస్తూ కూర్చున్నారు. కాసేపటికి, "టీ ఇస్తావా అమ్మా?" అన్నారు. అంతే.

ఆ రోజు ఆవిడ వీధి చుట్టు తిరగలేదు. మర్నాడు తిరిగారు. నేను వెంట వెళ్ళాను. టైలర్ ముందుగానే కొట్టు గుమ్మంలోకి వచ్చి, బుగ్గ పట్టుకుని, అడిగించుకోవడానికి సిద్ధంగా నిలబడ్డాడు.

"బాగున్నావా నాయనా?" అని నవ్వి, ముందుకు నడిచారు.

గుడ్ల కొట్టు దగ్గరా అంతే, పాల డిపో దగ్గరా అంతే. అందరికీ ఒకటే మాట. నాయనా, అమ్మా, బాగున్నావా. మధ్యాహ్నానికి టైలర్ షాపుకొచ్చాడు. "అన్నా, పెద్దమ్మకి నా మీద కోపమా? పన్ను పీకించుకున్నానని చెబుదామని నిలబడ్డా. అడగనేలేదు," అని మామయ్యతో అన్నాడు. నలభై ఐదేళ్ళ మనిషి కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి.

ఆ సాయంత్రం నేను నానమ్మ కాళ్ళ దగ్గర కూర్చున్నాను. "నావల్ల ఏమన్నా తప్పు జరిగిందా?" అని అడిగాను. అప్పటికే తెలుస్తోంది జరిగిందని.

ఆవిడ నా జడ సవరించారు. "రెండేళ్ళ నుంచి నాకేమీ నిలవట్లేదమ్మా," అన్నారు. "ఎవరికీ చెప్పలేదు. చెబితే మీ అత్తయ్య నన్ను వీధిలోకి వెళ్ళనివ్వదు. ఎవరి బాధ ఏదో ఆ పేజీ పక్కన రాసుకునేదాన్ని. తీరాక చెరిపేసి ఇంకొకరిది. పొద్దున చదివింది పదకొండింటి దాకా నిలుస్తుంది. ఆలోపు వీధి తిరిగొచ్చేసేదాన్ని."

నేను ఆవిడ ఒళ్ళో తల పెట్టేశాను.

"ఏడవకు. నీకేం తెలుసు? నేను దాచానుగా," అన్నారు.

ఆవిడ తిట్టి ఉంటే నేను ఏ మూలకో వెళ్ళి హాయిగా ఏడ్చుకునేదాన్ని. ఆ లోటు అత్తయ్య తీర్చారు. "కుట్లు వెయ్యమంటే కుట్లు వెయ్యాలి. కందకి లేని దురద కత్తిపీటకెందుకు?" అన్నారు. అని, నేను తలెత్తలేకపోతుంటే, నా కంచంలో అన్నం వడ్డించి, "తిను ముందు," అన్నారు.

కటింగ్ మాస్టారు మాత్రం మా ఇద్దరినీ నిలబెట్టి కడిగేశారు. "పాత పుస్తకం చేతికొస్తే యజమాని ఎదురుగా అంచులు తిప్పి చూపించి, అడిగి, అప్పుడు కత్తి వెయ్యాలి. నీకు ఏడో ఏట చెప్పా," అన్నారు మావారితో. తర్వాత నావైపు తిరిగి, "చేతులు కాలాక ఆకులే పట్టుకోవాలి, ఇంకేం చేస్తాం? పద, పట్టుకుందాం," అన్నారు.

పాత కాగితాల గోదాము ఊరి చివర. ముగ్గురం వెళ్ళాం. మా సంచులు రెండురోజుల కిందటే వచ్చాయట. గోదాము మనిషి గోడ వరకూ పేర్చి ఉన్న దిమ్మలు చూపించాడు. మనిషెత్తు దిమ్మలు, ఇనుప తీగలతో బిగించి ఉన్నాయి. పీలికలన్నీ యంత్రంలో నొక్కి రాయిలా చేసేశారు. "మీవి ఇందులో ఏవో నాకేం తెలుసమ్మా? ఊళ్ళో ప్రతి ప్రెస్సుదీ ఇక్కడికే వస్తుంది," అన్నాడు. ఒక మూల ఇంకా నొక్కని గుట్ట ఒకటుంది. దాంట్లో కూర్చున్నాం. మధ్యాహ్నం నుంచి పొద్దుగూకే దాకా, తెల్ల పీలికల మధ్య పసుపు పీలికల కోసం. మాస్టారు కళ్ళజోడు తలమీదికి తోసుకుని, ఒక్కో గుప్పెడూ మొహం దగ్గర పెట్టుకుని చూశారు. ఆ పొద్దంతా నేను మావారి మొహం చూడలేదు. ఆయనా నా మొహం చూడలేదు. ఒకసారి మాత్రం, నా మెడమీద అంటుకున్న పీలికను ఆయన తీసి, రంగు చూసి, కింద పడేశారు.

పంతొమ్మిది దొరికాయి.

ఇంటికి తెచ్చి పళ్ళెంలో పరిచి, నానమ్మ చేతికి భూతద్దం ఇచ్చాం. ఆవిడ మొహం వెలిగింది. "ఇదిగో, 'ఎడమ పన్ను'! టైలరు వెధవ. ఇది 'కేసు, బుధవారం'. ఎవరిదమ్మా కేసు?"

"పాల డిపో అతని తమ్ముడిది," అన్నారు మామయ్య.

"అవునవును. ఇది..." ఒక పీలికను భూతద్దం కింద అటూ ఇటూ తిప్పి, నావైపు చూసి నవ్వారు. చదవమని ఇచ్చారు. చీమకాళ్ళంత అక్షరాలు. *నవ్వులమ్మాయి. మెట్లు పరుగెత్తి దిగుతుంది. పడకుండా.*

కాపురానికొచ్చినప్పటి నుంచి నేను ఆ మెట్ల మీద ఒక్కసారి కూడా పడలేదు.

తర్వాత పదిరోజులు ఇల్లంతా అదే పని. మామయ్య షాపు మాస్టారికి అప్పగించి, నానమ్మ పక్కన స్టూలేసుకుని కూర్చునేవారు. ఒక్కో పేజీలో ప్రార్థన చదివి, ఆ బాధ ఎవరికుందో వీధిలో వాకబు చేసి, చీటీ రాసి పేజీలో అంటించేవారు. పక్కన చోటు లేదు కదా, నేను కోసేశాను కదా, అక్షరాల మధ్యే అంటించాల్సి వచ్చేది. సంగతి తెలిసి వీధే మెట్లెక్కి రావడం మొదలుపెట్టింది. గుడ్ల కొట్టు ఆవిడ మోకాలితో పాటు నడుము కూడా రాయించుకుంది. పోస్ట్‌మాన్ తన కూతురితో పాటు అల్లుడికి బుద్ధి రావాలని కూడా రాయమన్నాడు.

"అల్లుడి బుద్ధికి ఈ పుస్తకంలో పేజీ లేదురా," అన్నారు నానమ్మ.

నవ్వుకున్నాం. పుస్తకం మళ్ళీ నిండుతోందని నేను లోపల గంతులేశాను. అలా నూట పన్నెండో పేజీ వచ్చింది.

పైన అచ్చులో ఉంది: నా వల్ల నొచ్చుకున్నవారి కోసం.

నానమ్మ బొటనవేలు అంచు మీద పెట్టి ఆగిపోయారు. "ఇక్కడ ఒక్కరే ఉండేవాళ్ళు," అన్నారు. "ఈ ఇంటికొచ్చిన ఏడాది రాశాను. ఎప్పుడూ చెరపలేదు. ఇంకొకరిని రాయలేదు."

"ఎవరమ్మా?" అన్నారు మామయ్య.

ఆవిడ కళ్ళు మూసుకున్నారు. మేం ఎదురుచూశాం. కళ్ళు తెరిచారు. "ఉన్నారురా. ఒకరున్నారు. ఎవరో..."

"మీ తోటికోడలేమో అత్తయ్యా," అన్నారు మా అత్తయ్య. "ఇద్దరికీ పడేది కాదు కదా."

"దానితో తిట్టుకున్నాం. తిట్టుకుంటే చెల్లు. అది కాదు."

"మీ చెల్లెలా?"

"కాదు."

గుమ్మం దగ్గర నిలబడ్డ కటింగ్ మాస్టారు గొంతు సవరించుకున్నారు. "నేనేమో పెద్దమ్మా. చేరిన కొత్తలో ఒకసారి చెంప పగలగొట్టారు."

"నువ్వు రెండొందల పుస్తకాలు తలకిందులుగా కోశావు. నిన్ను కొట్టినందుకు నాకేం బాధ లేదు," అన్నారు నానమ్మ. అందరం నవ్వాం. ఆవిడ నవ్వలేదు.

ఆ రోజు నుంచి పుస్తకం ఆ పేజీ దాటలేదు. పొద్దున గంట కాస్తా మూడు గంటలైంది. మొదటి నుంచి చదువుకుంటూ వచ్చి, అక్కడ ఆగి, ఎవరు కనబడితే వాళ్ళని అడిగేవారు. "ఇక్కడెవరమ్మా?" మేం చుట్టాల పేర్లన్నీ చెప్పాం. చచ్చిపోయినవాళ్ళవి చెప్పాం. పాత ఫొటోలు తెచ్చి ఒక్కో మొహం మీద వేలు పెట్టి చూపించాం. కాదు, కాదు, కాదు. మామయ్య, పాపం, తనకు తెలిసిన బంధువులందరికీ ఫోన్లు చేశారు. మా అమ్మ మీకేమన్నా అన్యాయం చేసిందా అని ఎవరినని అడుగుతాం? అడిగినవాళ్ళంతా ఒకటే మాట. "పెద్దమ్మా? మాకా? భలేవాడివే."

డాక్టర్ వచ్చి చూశాడు. గుండె చూశాడు, కళ్ళలోకి లైటు వేశాడు. మెట్ల దగ్గర మామయ్యతో, "దీనికి మందు లేదండి. ఆవిడ అడిగినప్పుడల్లా విసుక్కోకుండా ఉండండి," అన్నాడు. మేం విసుక్కోలేదు. అంతకన్నా మాకేం చేతకాలేదు.

తిండి తగ్గిపోయింది. ఒకరోజు ముద్ద పెట్టబోతే నా చెయ్యి పట్టుకున్నారు. "అరవై మూడేళ్ళు రోజూ క్షమించమని అడిగానే పిల్లా. ఇప్పుడు అడగకుండా వెళ్ళిపోతే, ఆ మనిషి అక్కడ ఎదురొస్తే, గుర్తుపట్టకపోతే? తప్పు చేసిందే కాక మర్చిపోయింది కూడా అనుకోరూ?"

మావారు విని షాపులోకి వెళ్ళిపోయారు. నేను వెళ్ళేసరికి కటింగ్ మెషిన్ పక్కన ఖాళీ గోనెసంచి మీద కూర్చుని ఉన్నారు. పక్కన కూర్చున్నాను.

బడులు తెరిచారు. చివరి బండి వెళ్ళిపోయింది. కట్టల మీద చెయ్యి వేయడానికి నానమ్మ దిగి రాలేకపోయారు. మామయ్య వేశారు, ఏమనాలో తెలియక ఊరుకున్నారు. మంచాల కింద, అటకల మీద, మెట్ల మీద అంతా ఖాళీ. వానలు మొదలయ్యాయి. ఇల్లు ఇంత పెద్దదా అనిపించింది నాకు.

ఆవిడ పోవడానికి ఆరు రోజుల ముందు సంగతి ఇది. వాన పడుతోంది. అత్తయ్య స్నానానికి వెళ్ళారు. నానమ్మ కుర్చీలో కూర్చోలేకపోతున్నారని మంచం మీదే దిండ్లు పేర్చి కూర్చోబెట్టాను. పుస్తకం ఒళ్ళో ఉంది. చదువుతూ వచ్చి ఆగారు. ఆ పొద్దున అప్పటికే నాలుగుసార్లు అడిగారు.

"ఇక్కడెవరమ్మా?"

ఆ పేజీలో నిజంగా ఉన్న మనిషి ఎవరో ఈ ఇంట్లో ఎవరికీ తెలియదు. తెలుసుకునే దారి కూడా లేదు. ఆ మనిషికి చెందాల్సిన మాట నేను తీసుకోవచ్చా అని ఆలోచించలేదు. ఆవిడ బొటనవేలు ఆ ఖాళీ అంచును తడుముతోంది. నాకు అది తప్ప ఇంకేమీ కనబడలేదు.

"నేనే నానమ్మా," అన్నాను.

ఆవిడ తలెత్తి నన్ను చూశారు. "నువ్వా?"

"ఊఁ."

"నీకేం చేశానమ్మా?"

దానికి జవాబు సిద్ధం చేసుకోలేదు నేను. నాకు తెలిసిన తప్పు ఒక్కటే.

"నాకు బాగా విలువైనది ఒకటి ఉండేది," అన్నాను. "బాగుచెయ్యమని మీకిచ్చాను. మీరు నన్ను అడక్కుండా పాడుచేశారు. నేను సంతోషపడతాననే చేశారు."

"అయ్యో." ఆవిడ పుస్తకం పక్కన పెట్టేశారు. "మళ్ళీ దొరికిందా అది?"

"లేదు."

"వెతికానా నేను?"

"చాలా వెతికారు."

"నువ్వు నన్ను తిట్టావా?"

"లేదు నానమ్మా. తిట్టి ఉంటే బాగుండేది."

"అవునమ్మా," అన్నారు. "అది చాలా కష్టం." ఆవిడకి ఆ కష్టం తెలిసినట్టే అన్నారు. తర్వాత నా రెండు చేతులూ తీసుకుని తన చేతుల్లో పెట్టుకున్నారు. దారం కోసిన ఆ గాడి నా మణికట్టుకి తగిలింది. "తెలియక చేశాను తల్లీ. నన్ను క్షమించు."

క్షమించానని అంటే చాలు. ఒక్క మాట. ఆ మాట నా నోట రావడానికి చాలాసేపు పట్టింది. బయట వాన ఒకసారి తగ్గి మళ్ళీ పెరిగింది. ఆవిడ తొందరపెట్టలేదు. నా మొహంలోకి చూస్తూ, నా చేతులు వదలకుండా, ఎదురుచూశారు.